మల్లె, తడిమట్టి సెంటు: 10 గ్రాముల ట్రయల్ నుంచి 8 కిలోల బ్యాచ్ దాకా

ఈ డైరీ ఫార్ములా దాదాపు కుదిరిన దగ్గర మొదలవుతుంది. వాసన ఎలా తట్టింది, పేరు ఎలా పెట్టాను లాంటివి ఇందులో లేవు. 10 గ్రాముల సీసాలో బాగున్న సెంటు పెద్ద డ్రమ్ములో, హైదరాబాద్ మే నెల వేడిలో, కొరియర్ వ్యాన్‌లో ఏమవుతుందో తేల్చడానికే డబ్బూ టైమూ ఎక్కువ పోయాయి. అందుకే రాసింది కూడా ఎక్కువగా దాని గురించే. సొంతంగా చిన్న బ్యాచ్ తీయాలనుకునేవాళ్లు అంకెలు నేరుగా వాడుకోవచ్చు.

లక్ష్యం: 30 మి.లీ. స్ప్రే సీసాలు సుమారు 300. గాఢత బరువులో 18%, అంటే సెంటు మొత్తం బరువులో పరిమళ మిశ్రమం (కాన్సన్‌ట్రేట్) వాటా; మిగతాది దాదాపు ఆల్కహాలే.

దశ 1: కాటా, మొదటి ఫార్ములా

చుక్కల లెక్క మొదట్లోనే మానేయాలి. ఎథిలీన్ బ్రాసిలేట్ (కస్తూరి వాసన రసాయనం) చిక్కగా ఉంటుంది, బెంజైల్ అసిటేట్ (మల్లె వాసన రసాయనం) నీళ్లలా జారుతుంది. ఒకే డ్రాపర్‌తో వేసినా రెండింటి చుక్కల బరువు ఒకటి కాదు. అంతా గ్రాముల్లోనే తూచాలి.

0.01 గ్రా. కాటా ట్రయల్స్‌కి చాలదు. 10 గ్రాముల ట్రయల్‌లో ఏదైనా 0.15 గ్రా. పడాలంటే, ఆ కాటా ఒక్క అంకె అటూ ఇటూ అయినా దాదాపు 7% తేడా వస్తుంది. 0.001 గ్రా. కాటా కొన్నాను. ఘాటైన పదార్థాలను ముందే 10%కి, తడిమట్టి వాసన ఇచ్చే జియోస్మిన్‌ను అయితే 0.1%కి పల్చబరిచి పెట్టుకున్నాను.

మొదటి ఫార్ములా, 1000 భాగాలకు (హెడియోన్ మల్లెను పోలిన పరిమళ రసాయనం, ఎబనాల్ గంధం వాసనది, అబ్సల్యూట్ అంటే పూలలోంచి ద్రావకంతో తీసిన చిక్కటి సారం):

1. హెడియోన్ 300
2. ఐసో ఇ సూపర్ 150
3. ఎథిలీన్ బ్రాసిలేట్ 110
4. బెంజైల్ అసిటేట్ 90
5. లినలూల్ 70
6. హెక్సైల్ సిన్నమాల్డిహైడ్ 60
7. బెర్గమోట్ నూనె (ఎండలో చర్మానికి పడని బెర్గాప్టెన్ తీసేసిన రకం) 50
8. వట్టివేరు నూనె 40
9. ఎబనాల్ 30
10. మల్లె అబ్సల్యూట్ 20
11. మట్టి అత్తరు 20
12. మిథైల్ ఆంథ్రనిలేట్ (10%) 20
13. ఇండోల్ (10%) 15
14. సిస్-3-హెక్సెనైల్ అసిటేట్ (10%) 10
15. జియోస్మిన్ (0.1%) 10
16. సిస్-జాస్మోన్ 5

ఇండోల్ సీసా మూత తీస్తే కలరా ఉండల వాసన వస్తుంది. అది లేని మల్లె మాత్రం సబ్బులో మల్లెలా ఉంటుంది. సాయంత్రం జడలో వాడిపోతున్న దండ వాసన రావాలంటే అది పడాల్సిందే. జియోస్మిన్ విషయంలో చెయ్యి ఇంకా వణకాలి. 0.1% బదులు 1% ద్రావణం అదే తూకంలో వేసిన ట్రయల్ తడిమట్టిలా కాకుండా తరిగిన బీట్‌రూట్‌లా వచ్చింది. వింతేమీ లేదు, బీట్‌రూట్‌కి ఆ మట్టి వాసన ఇచ్చేది జియోస్మినే.

ఫార్ములా దాచుకోవడం లేదు. ఇదే అంకెలతో వేరేవాళ్లు కలిపినా వాళ్ల మల్లె అబ్సల్యూట్, వాళ్ల వట్టివేరు వేరుగా ఉంటాయి. కాబట్టి వాసనా కొంత వేరుగానే వస్తుంది.

ఖర్చు: కాటా ₹6,500, పరిమళ రసాయనాలు ₹14,300, మల్లె అబ్సల్యూట్ 10 గ్రా. ₹3,200, మట్టి అత్తరు ₹2,100, ఆల్కహాల్ ₹3,000, సీసాలు, డ్రాపర్లు, వాసన పట్టీలు ₹2,300.
ఇప్పటిదాకా: ₹31,400

దశ 2: అడుగున చేరిన నూనె

కాన్సన్‌ట్రేట్ తేటగా ఉంది. ఆల్కహాల్‌లో కలిపిన మర్నాటికి అడుగున చిన్న చిన్న నూనె బొట్లు కనిపించాయి. ఊపితే మబ్బు పడుతోంది, కాసేపు ఆగితే మళ్లీ విడిపోతోంది.

ఒక్కో పదార్థాన్నీ విడిగా 1:9 నిష్పత్తిలో ఆల్కహాల్‌లో కలిపి చూశాను. దొరికింది మట్టి అత్తరు. కన్నౌజ్‌లో పాత పద్ధతి ప్రకారం కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి కాగులో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని భప్కా అనే పాత్రలో ఉన్న గంధం నూనెలోకి పట్టిస్తారు. గంధం ధర పెరిగిపోయాక చౌక రకాలకు గంధం బదులు లిక్విడ్ పారాఫిన్ లాంటివి ఆధారంగా వాడుతున్నారు. పారాఫిన్ ఇథనాల్‌లో కరగదు. ఒంటికి నేరుగా రాసుకునే అత్తరులో అది తెలియదు, స్ప్రేలో వెంటనే బయటపడుతుంది.

కొనేముందు చేయాల్సిన పరీక్ష:

1. 1 మి.లీ. అత్తరు, 9 మి.లీ. 99.9% ఆల్కహాల్ గాజు గొట్టంలో కలపాలి.
2. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాలి.
3. పొద్దున బొట్లు కనిపించినా, పొర విడిపోయినా ఆ అత్తరు స్ప్రేకి పనికిరాదు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పల్చబరచడానికి కలిపే డీఈపీ (డైఇథైల్ థాలేట్) లాంటి థాలేట్లు ఆల్కహాల్‌లో హాయిగా కరిగిపోతాయి కాబట్టి వాటిని ఇది పట్టుకోదు. వాటికి ల్యాబ్ రిపోర్టు అడగాల్సిందే. చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాల్లో "గంధం బేసేనా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. శాంపిల్ ఇచ్చి, పరీక్ష చేసుకుని రమ్మన్నవాళ్ల దగ్గరే కొన్నాను.

దశ 3: రంగు మారింది

వేడి పరీక్షకు థర్మోకోల్ పెట్టె, లోపల హీటింగ్ మ్యాట్, బయట డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు పెట్టాను. 45 డిగ్రీలకు సెట్ చేస్తే 44, 46 మధ్య నిలిచింది. ఇలాంటి పెట్టెల్లో చాలామంది బల్బు వాడతారు. ఆల్కహాల్ ఆవిరి ఉన్న చోట వేడెక్కిన బల్బూ, స్పార్క్ వచ్చే రిలే లోపల ఉండకూడదు. మూతలు బిగించిన సీసాలు మాత్రమే లోపల పెట్టాలి.

ఒకే ట్రయల్‌ని మూడు చోట్ల పెట్టాను: పెట్టెలో, కిటికీ ఎండలో, ఫ్రిజ్‌లో. ఫ్రిజ్‌లోది లేత పసుపు రంగులోనే ఉంది. పెట్టెలోది మూడో వారానికి పల్చటి టీ డికాషన్ రంగుకు వచ్చింది. కిటికీలోది ఇంకా ముదిరింది. వాసన పెద్దగా మారలేదు కానీ తెల్లచొక్కా మీద కొడితే మరక పడింది. అమ్మే సరుకులో అది కుదరదు.

కారణం కెమిస్ట్రీలో ఎప్పుడో తెలిసిందే. మిథైల్ ఆంథ్రనిలేట్‌లో ఉన్న అమీన్ గుంపు, హెక్సైల్ సిన్నమాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్‌తో కలిస్తే షిఫ్ బేస్ అనే కొత్త సమ్మేళనం తయారవుతుంది. దాని రంగు ముదురు పసుపు నుంచి నారింజ దాకా ఉంటుంది. ఇండోల్ కూడా వెలుతురుకు రంగెక్కుతుంది. మల్లె అబ్సల్యూట్‌లో ఇండోల్, మిథైల్ ఆంథ్రనిలేట్ సహజంగానే ఉంటాయి కాబట్టి పూర్తిగా తప్పించుకోలేం.

మూడు రకాలుగా మార్చి చూశాను.

ఆంథ్రనిలేట్ ఒక్కటే తీసేస్తే రంగు కొంత తగ్గింది, ఆగలేదు. ఆల్డిహైడ్ ఒక్కటే తీసేస్తే బాగా తగ్గింది కానీ మల్లె నడుమ ఖాళీ పడినట్టయింది. రెండూ తీసేసి, ఆ 80 భాగాలనూ ఇలా పంచితే కుదిరింది:

1. హెడియోన్ 300 నుంచి 350
2. బెంజైల్ సాలిసిలేట్ కొత్తగా 20
3. లినలైల్ అసిటేట్ కొత్తగా 10

పూర్తయిన సెంటుకు 0.1% బీహెచ్‌టీ (గాలికి పాడవకుండా ఆపే యాంటీఆక్సిడెంట్) కూడా చేర్చాను. మళ్లీ అదే మూడు చోట్ల పెడితే పెట్టెలోది తేనె రంగు దాటలేదు. కిటికీలోది మాత్రం ఇంకా ముదురుతూనే ఉంది. దానికి ఫార్ములాలో మందు వెతకడం మానేసి పూర్తిగా మూసిన అట్ట డబ్బా ఖాయం చేశాను. పారదర్శకమైన పెట్టె అందంగా ఉంటుందని డిజైనర్ గట్టిగా వాదించారు. కిటికీ సీసాను టేబుల్ మీద పెట్టాక ఆ చర్చ అయిపోయింది.

కొత్త పదార్థాలు, హీటింగ్ మ్యాట్, థర్మోస్టాట్: ₹5,800.
ఇప్పటిదాకా: ₹37,200

దశ 4: నీళ్లు, స్పిరిట్

కొద్దిగా నీళ్లు కలిపితే ఆల్కహాల్ మొదటి ఘాటు తగ్గుతుంది. ఎక్కువైతే నూనెలు విడిపోయి మబ్బు పడుతుంది. 18% కాన్సన్‌ట్రేట్, 99.9% ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్‌తో చూసిన ఫలితాలు:

1. 2% నీళ్లు: గదిలో తేట, ఫ్రిజ్‌లో తేట
2. 4%: గదిలో తేట, ఫ్రిజ్‌లో తేట
3. 6%: గదిలో తేట, ఫ్రిజ్‌లో పల్చటి మబ్బు
4. 8%: గదిలోనే మబ్బు

4% ఖాయం చేశాను. తర్వాత, తయారు చేయడానికి ఒప్పుకున్న ఫ్యాక్టరీలో 500 గ్రాముల పైలట్ బ్యాచ్ కలిపారు. అదే ఫార్ములా, అవే తూకాలు, 4% నీళ్లు. కలుపుతుండగానే పాలలా తెల్లబడింది.

అక్కడి కెమిస్ట్‌ని స్పిరిట్ ఏ గ్రేడ్ అని అడిగాను.

"తొంభై ఐదు శాతం మేడమ్. స్పిరిట్ ఏదైనా స్పిరిటే కదా."

లెక్క అక్కడే ఉంది. 95% అనేది ఘనపరిమాణంలో చెప్పే శాతం. బరువులోకి మారిస్తే దాదాపు 92.4%, మిగతా 7.6% నీళ్లే. మొత్తం బరువులో 78% ఆ స్పిరిట్ వేస్తే దాంతోనే 5.9% నీళ్లు వచ్చేస్తాయి. పైన మన 4% కలిస్తే 9.9%. మబ్బు పట్టకపోతేనే ఆశ్చర్యం.

సరే, నీళ్లు పూర్తిగా మానేసి 95% స్పిరిట్‌తోనే చేద్దామా అంటే, 82% స్పిరిట్‌తో 6.2% నీళ్లు వస్తాయి. అది ఫ్రిజ్‌లో మబ్బు పట్టే గీత మీదే ఉంది. ఎండాకాలంలో తేటగా కనిపించి, జనవరిలో ఢిల్లీలో ఎవరి చేతిలోనో తెల్లబడుతుంది. లీటరుకు ధర ఎక్కువైనా 99.9% గ్రేడే తెప్పించమన్నాను. కొటేషన్ అడిగేటప్పుడు స్పిరిట్ గ్రేడ్, అందులో వాడిన డీనేచురెంట్ (తాగడానికి పనికిరాకుండా కలిపే పదార్థం) రెండూ రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇంట్లో ట్రయల్స్ చేసేవాళ్లకు ఇంకో మాట. పెయింట్ షాపులో దొరికే డీనేచర్డ్ స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, అది చర్మానికి వద్దు. ఇథనాల్ కొనడం, నిల్వ చేయడం రాష్ట్ర ఎక్సైజ్ శాఖ పరిధిలోకి వస్తాయి. ట్రయల్స్‌కి పెర్ఫ్యూమర్స్ ఆల్కహాల్ పేరుతో బిల్లుతో అమ్మే చిన్న ప్యాక్‌లు చాలు. డబ్బాల్లో తెచ్చి ఇంట్లో దాచే పని పెట్టుకోవద్దు.

దశ 5: సీసా, పంపు

ఈ దశను రెండు వారాల్లో ముగిద్దామనుకుంటే అన్నిటికంటే ఎక్కువ సాగింది.

సీసా మెడకు ఎఫ్ఈఏ 15 అనే కొలత ప్రామాణికం. పంపును మెడ మీద పెట్టి అల్యూమినియం అంచును క్రింపర్‌తో నొక్కి బిగిస్తారు. ఒకసారి బిగిస్తే ఇక తీయలేం. మొదటి సరఫరాదారు పంపిన సీసాల మెడలు వెర్నియర్‌తో కొలిస్తే 14.6 నుంచి 15.1 మి.మీ. దాకా తేలాయి. సన్నగా ఉన్న మెడల మీద పంపు చేత్తో తిప్పితే తిరుగుతోంది.

కారుతోందో లేదో కంటితో చూస్తే తెలియదు, తూచాలి.

1. నింపి బిగించిన ప్రతి సీసానూ 0.01 గ్రా. కాటా మీద తూచి బరువు రాయాలి.
2. సగం నిలబెట్టి, సగం పడుకోబెట్టి 45 డిగ్రీల పెట్టెలో రెండు వారాలు ఉంచాలి.
3. చల్లారాక మళ్లీ తూచాలి.

మంచి సీసాలు 0.05 గ్రా. లోపే పోగొట్టుకున్నాయి. పడుకోబెట్టిన వదులు సీసాల్లో 1.8 గ్రా. దాకా పోయింది. పోయేదాంట్లో ఆల్కహాలే ఎక్కువ కాబట్టి మిగిలినది చిక్కబడి వాసన కూడా మారుతుంది. బయట తడి మాత్రం ఎక్కడా లేదు. తూచకపోతే ఇది తెలిసేది కాదు.

సరఫరాదారుని మార్చాను. కొత్త సీసాల మెడలు 14.9, 15.0 మి.మీ. మధ్య ఉన్నాయి. ధర సెట్‌కి ₹11 ఎక్కువ. బేరం ఆడలేదు.

పంపు గొట్టం పొడవు కూడా సీసాతో పెట్టి చూసుకోవాలి. శాంపిల్‌లో వచ్చిన గొట్టం పొడవెక్కువై అడుగున వంకర తిరిగి, చివర్లో 3 మి.లీ. పైగా అందకుండా మిగిలిపోయింది. అడుగుకు 1 మి.మీ. పైన ఆగేలా కోయించాను. ఒక నొక్కుకు ఎంత వస్తుందో కూడా తూచాను. పది నొక్కులకు 0.83 గ్రా., అంటే నొక్కుకు సుమారు 0.1 మి.లీ.

కాగితం లేబుల్ మీద సెంటు చుక్క పడితే సిరా అలుక్కుపోయింది. ల్యామినేట్ చేసిన పీపీ లేబుల్‌కి మారాను.

ఖర్చు: శాంపిళ్లు ₹3,900, సీసా, పంపు, కాలర్, మూత 350 సెట్లు × ₹64 = ₹22,400, అట్ట డబ్బాలు 350 × ₹38 = ₹13,300, లేబుళ్లు ₹4,200.
ఇప్పటిదాకా: ₹81,000

దశ 6: కాగితాలు

డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం సెంటు కాస్మెటిక్ కిందికే వస్తుంది. అమ్మకానికి తయారు చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి ఇచ్చే లైసెన్స్ కావాలి. వంటింట్లో కలిపి ఆన్‌లైన్‌లో అమ్మడానికి దారి లేదు. దారులు మూడు: సొంత యూనిట్‌కి లైసెన్స్, వేరేవాళ్ల యూనిట్‌లో మన పేరున లోన్ లైసెన్స్, లేదా లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీ మన బ్రాండ్‌కి తయారు చేసి ఇవ్వడం. 300 సీసాలకు మూడోదే సరిపోతుంది. ఒప్పందంలో ఫార్ములా మనదేనని, మిగిలిన కాన్సన్‌ట్రేట్ తిరిగి ఇవ్వాలని రాయించుకోవాలి.

ఐఎఫ్ఆర్ఏ (అంతర్జాతీయ పరిమళ పరిశ్రమ సంఘం) పరిమితులు కేటగిరీ 4, అంటే స్ప్రే సెంట్ల వరసలో చూసుకోవాలి. లెక్కలో అందరూ తికమకపడేది ఒక్కటే: పరిమితి పూర్తయిన సెంటుకు, కాన్సన్‌ట్రేట్‌కి కాదు. మల్లె అబ్సల్యూట్ కాన్సన్‌ట్రేట్‌లో 2% ఉంటే, 18% గాఢతలో అది 0.36%. ఇలా ప్రతి పదార్థానికీ లెక్కేసి సరఫరాదారు ఇచ్చిన సర్టిఫికెట్‌తో పోల్చాను. పాత ఫార్ములాలు కాపీ చేసేవాళ్లు లిలియల్, లైరల్ అనే పరిమళ రసాయనాలు ఉన్నాయేమో చూసుకోండి. రెండూ యూరోపియన్ యూనియన్‌లో నిషేధంలో ఉన్నాయి.

లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు, పదార్థాల జాబితా, నికర పరిమాణం, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. 30 మి.లీ. సీసా మీద ఇవన్నీ పట్టవు. చాలా భాగం డబ్బా మీదికి వెళ్లింది.

ట్రేడ్‌మార్క్ క్లాస్ 3లో (కాస్మెటిక్స్ వర్గం), వ్యక్తి పేరున ఆన్‌లైన్ ఫైలింగ్‌కి ₹4,500. ల్యాబ్ పరీక్ష ₹6,500. స్పిరిట్, ఫిల్లింగ్ కలిపి ఫ్యాక్టరీ ఛార్జీ ₹28,000.
ఇప్పటిదాకా: ₹1,20,000

దశ 7: 8 కిలోల బ్యాచ్

పూర్తయిన సెంటు సాంద్రత కొలిస్తే 0.83 వచ్చింది. 8 కిలోలంటే 9.6 లీటర్లు.

1. కాన్సన్‌ట్రేట్ 1,440 గ్రా.
2. ఆల్కహాల్ 6,232 గ్రా.
3. డిస్టిల్డ్ వాటర్ 320 గ్రా.
4. బీహెచ్‌టీ 8 గ్రా.

పెద్ద కొనుగోలులో వచ్చిన మల్లె అబ్సల్యూట్ ట్రయల్స్‌లో వాడినది కాదు. అదే సరఫరాదారు, అదే తమిళనాడు పూలు, వేరే లాట్. రంగు ముదురుగా ఉంది. పాతదీ కొత్తదీ 10%లో పట్టీల మీద పక్కపక్కన పెడితే కొత్తదాంట్లో కలరా ఉండల ఘాటు ఎక్కువగా ఉంది. ఈ బ్యాచ్‌కి ఇండోల్‌ను 15 నుంచి 10కి తగ్గించి, ఆ 5 భాగాలు హెడియోన్‌కి ఇచ్చాను. అంటే ఇండోల్ ద్రావణం 14.4 గ్రా., హెడియోన్ 511.2 గ్రా. పాత లాట్‌లోంచి 2 గ్రాములు ఫ్రిజ్‌లో దాచి ఉంచడం వల్లే పోల్చడం కుదిరింది.

ఫ్యాక్టరీ కాటా 1 గ్రాము దాకానే చూపిస్తుంది. జియోస్మిన్ ద్రావణం 14.4 గ్రా. దాని మీద 14గా కనిపిస్తుంది. అందుకే నా కాటా తీసుకెళ్లి, చిన్న మోతాదుల ఏడు పదార్థాలను అక్కడే విడివిడిగా తూచి ప్రీమిక్స్ చేశాను. మొత్తం 122.4 గ్రా. అబ్సల్యూట్ గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే కానీ సీసాలోంచి కదల్లేదు. బీకర్ల గోడలకు అంటుకున్నది తూచిపెట్టిన హెడియోన్‌లోంచే కొంత తీసి కడిగి డ్రమ్ములో పోశాం.

కాన్సన్‌ట్రేట్‌ని రెండు వారాలు, ఆల్కహాల్‌లో కలిపాక నాలుగు వారాలు స్టీలు డ్రమ్ములో ఉంచారు. నీళ్లు చివర్లో, కలియబెడుతూ సన్నధారగా పోయాలి. తర్వాత 4 డిగ్రీలకు చల్లబరిచి, ఆ చలిలోనే వడకట్టాలి. గది వేడికి వచ్చాక వడకడితే అబ్సల్యూట్‌లోని మైనం మళ్లీ కరిగిపోయి ఫిల్టర్ దాటుతుంది. ఫిల్టర్ దగ్గర 180 గ్రా. పోయింది.

ఫిల్లింగ్‌ను మి.లీ.లో కాకుండా బరువులో సెట్ చేయించాను. 30 మి.లీ. అంటే 24.9 గ్రా. లక్ష్యం 25.2 పెట్టాం, తక్కువ పడిందన్న ఫిర్యాదు రాకుండా.

1. నిండిన సీసాలు: 302
2. క్రింప్ పరీక్షలో తీసేసినవి: 5
3. తర్వాత పోల్చి చూడటానికి భద్రపరిచినవి: 6
4. అమ్మకానికి: 291

ఈ దశలో ముడిసరుకు ₹33,600.
మొత్తం: ₹1,53,600. అమ్మే సీసాకు ₹528

ఎంఆర్‌పీ ₹1,490. అందులో 18% జీఎస్టీ ₹227. మిగిలిన ₹1,263లోంచి తయారీ, కొరియర్, టెస్టర్లు, పగిలినవి అన్నీ పోవాలి. దుకాణానికి 40% మార్జిన్ ఇస్తే మిగిలేది చాలా తక్కువ. అందుకే ఈ బ్యాచ్ నేరుగానే అమ్ముతున్నాను.

దశ 8: పంపకం, తర్వాతి బ్యాచ్

సెంటు మండే ద్రవం. ప్రమాదకర సరుకుల రవాణా వర్గీకరణలో దాని నంబరు యూఎన్ 1266, క్లాస్ 3 (మండే ద్రవాలు). పార్సిల్ మీద "గిఫ్ట్" అని రాసి విమానంలో పంపే తెలివితేటలు వద్దు. సర్ఫేస్ కొరియర్‌తోనే మాట్లాడుకున్నాను. గువాహటి లాంటి దూరాలకు ఆలస్యమవుతుందని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్తున్నాను.

తర్వాతి బ్యాచ్‌కి ఇప్పటికే మొదలైన మార్పులు:

1. మల్లె అబ్సల్యూట్ ఒకే లాట్ 60 గ్రా. ముందే కొని ఫ్రిజ్‌లో పెట్టడం.
2. వట్టివేరు 40 నుంచి 30. భద్రపరిచిన సీసాల్లో మూడు నెలలకు అది మట్టిని కప్పేస్తోంది. తేడాలో 5 ఎబనాల్‌కి, 5 ఎథిలీన్ బ్రాసిలేట్‌కి వెళ్తాయి. ట్రయల్ 45 డిగ్రీల పెట్టెలో ఉంది.
3. పంపులు 1,000 తీసుకుంటే సెట్ ధర ₹9 తగ్గుతుంది. ఆర్డర్ పెట్టేముందు కొత్త లాట్ మెడలు, పంపుల శాంపిళ్లు తెప్పించి అదే తూకం పరీక్ష చేయాలి. శాంపిళ్లు శుక్రవారం వస్తాయన్నారు.